పోయింది ఏది: కేసా, శిక్షా, నిందా?

మీ ప్రశ్న క్లుప్తంగా ఇదీ. మీ అన్నయ్య మీద ఆరేళ్ల కిందట పెట్టిన కేసులో తీర్పు వచ్చింది. ఇంట్లో అందరూ ‘నిర్దోషిగా విడుదలయ్యాడు’ అంటున్నారు. లాయరుగారు ‘కేసు కొట్టేశారు’ అన్నారు. మీ బాబాయి ‘క్లీన్ చిట్ వచ్చింది’ అని చుట్టాలందరికీ మెసేజ్ పెట్టారు. తీర్పు కాపీలో మాత్రం ‘బెనిఫిట్ ఆఫ్ డౌట్’ అని ఉంది. అది చూసిన బంధువొకరు ‘అంటే ఇంకా అనుమానం ఉన్నట్టేగా’ అన్నారట. ఈ మాటల్లో ఏది సరైంది, తేడా ఎక్కడుంది, ఉద్యోగం దరఖాస్తులో ఏం రాయాలి అని అడిగారు.

ముందు మీ టెన్షన్ తీరే మాట చెప్తాను. మీ అన్నయ్యను నిర్దోషి అనొచ్చు. గట్టిగా అనొచ్చు. బెనిఫిట్ ఆఫ్ డౌట్ అని రాసి ఉన్నా సరే. ఆ బంధువు అన్నది తప్పు. ఎందుకు తప్పో చెప్పాలంటే మాత్రం కొంచెం ఓపిగ్గా చదవాలి. ఎందుకంటే మీ ఇంట్లో వాడుతున్న నాలుగు మాటలూ నాలుగు వేరువేరు సంగతులు చెప్తాయి.

ఇరవై ఏళ్లకు పైగా తీర్పులు, ఛార్జిషీట్లు, శాఖాపరమైన విచారణ నివేదికలు తెలుగులోకి మార్చే పనిలో ఉన్నాను. ఈ పనిలో నేను నేర్చుకున్న కిటుకు ఒకటే. ఈ మాటలన్నీ ‘ఏదో పోయింది’ అనే చెప్తాయి. ఏది పోయింది అన్నదే అసలు ప్రశ్న. మనిషి మీదున్న నిర్బంధం పోయిందా? కేసు పోయిందా? శిక్ష పోయిందా? నింద పోయిందా? ఒకటి పోయినంత మాత్రాన మిగతావీ పోయినట్టు కాదు.

‘విడుదల’తో మొదలుపెడదాం, గందరగోళమంతా దాంతోనే. తెలుగులో బెయిలు మీద వచ్చినవాడూ విడుదలయ్యాడు అంటాం, శిక్ష పూర్తిచేసుకుని వచ్చినవాడినీ అలాగే అంటాం. సత్ప్రవర్తన కింద ఆగస్టు 15కో జనవరి 26కో ప్రభుత్వం వదిలిన ఖైదీ కూడా విడుదలైనవాడే. తీర్పులో నేరం రుజువు కాక బయటికి వచ్చినవాడికీ అదే మాట. విడుదల అనేది మనిషి శరీరానికి సంబంధించిన మాట, అతని మంచిచెడ్డల గురించి ఏమీ చెప్పదు. అందుకే మీ అన్నయ్య గురించి ఒట్టి ‘విడుదలయ్యాడు’ అని ఎక్కడా రాయకండి. వినేవాళ్లు తమకు తోచిన అర్థం తీసుకుంటారు. ముందు ‘నిర్దోషిగా’ అని చేరిస్తేనే దానికి అర్థం వస్తుంది.

ఇక ‘కేసు కొట్టేశారు’. కొట్టివేయడం అంటే మొదట కాగితం మీద రాసిన అక్షరాన్ని గీత గీసి తీసేయడం. పరీక్ష పేపర్లో తప్పు రాస్తే ‘కొట్టివేత’ అంటామే, అదే. ఇది మనిషి గురించి కాదు, కాగితం గురించి చెప్పే మాట. కేసు లేకుండా పోయిందని తెలుస్తుంది, ఎందుకు పోయిందో తెలియదు. పైగా ఈ మాటలో పెద్ద ఇరకాటం ఒకటుంది. ‘హైకోర్టులో పిటిషన్ కొట్టివేత’ అని హెడ్డింగ్ కనిపిస్తే చాలామంది నిందితుడికి మంచి జరిగిందనుకుంటారు. ఆ పిటిషన్ వేసింది నిందితుడే అయి, తన మీద కేసు రద్దు చేయమని అడిగి ఉంటే, దాన్ని కొట్టేశారంటే కేసు నడుస్తుందని అర్థం. కొట్టేసింది కేసునా, కేసు కొట్టేయమన్న పిటిషన్‌నా? ఇది చూడకుండా వార్త పంచుకుని తర్వాత నాలిక కరుచుకున్నవాళ్లను చాలామందిని చూశాను.

మీ లాయరుగారు ఆ మాటను వాడుకగా అన్నారు, తప్పుపట్టక్కర్లేదు. కోర్టు ఆవరణలో అందరూ అలాగే అంటారు. సరిగ్గా చెప్పాలంటే కేసు కొట్టివేత అనేది హైకోర్టు ఎఫ్ఐఆర్‌నో విచారణనో రద్దు చేసినప్పుడు వాడాల్సిన మాట. పాత క్రిమినల్ ప్రొసీజర్ కోడ్‌లో అది 482వ సెక్షన్. 2024 జూలై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ నాగరిక్ సురక్షా సంహితలో 528. క్వాష్ అంటారు. క్వాష్ అయిందంటే విచారణే జరగలేదన్నమాట, లేదా మధ్యలో ఆగిపోయిందన్నమాట. దానికి కారణాలు చాలా రకాలు. ఫిర్యాదులో రాసిందంతా నిజమే అనుకున్నా అది నేరమే కాదు అని రద్దు చేయొచ్చు. కక్షతో పెట్టిన కేసు అని రద్దు చేయొచ్చు. రెండు పక్షాలూ రాజీ పడ్డాయని కూడా రద్దు చేయొచ్చు. మొదటి రెండింటిలో మనిషి గౌరవం నిలబడింది. మూడోదాంట్లో గొడవ మాత్రమే సద్దుమణిగింది. క్వాష్ ఆర్డర్ చేతికి వస్తే చివరి పేరా ఒక్కటే చూడకూడదు, దాని ముందు రెండు మూడు పేజీల్లో కారణం ఏం రాశారో చదవాలి.

ఇలాంటిదే ‘ఎత్తివేత’. ఉద్యమాల్లో పెట్టిన కేసులు ప్రభుత్వం ఎత్తేసింది అంటుంటారు. ప్రభుత్వం తరఫు ప్రాసిక్యూటర్ కోర్టు అనుమతితో కేసు ఉపసంహరించుకోవడం అది. ఛార్జి ఫ్రేమ్ కాకముందు, అంటే కోర్టు అభియోగం మోపకముందు, ఎత్తేస్తే డిశ్చార్జి, అయ్యాక ఎత్తేస్తే నిర్దోషిగా విడుదల. ‘వీగిపోయింది’ అన్న మాట మాత్రం నాకు నచ్చుతుంది. అవిశ్వాస తీర్మానం వీగిపోయింది అన్నట్టే, పందెంలో ఓడింది ప్రాసిక్యూషన్ అని సూటిగా చెప్తుంది. ‘ఊరట’ను మాత్రం అసలు నమ్మకండి. ‘హైకోర్టులో ఊరట’ అంటే బెయిలు కావచ్చు, స్టే కావచ్చు, వారం రోజుల గడువు కావచ్చు.

ఇప్పుడు మీ అన్నయ్య విషయంలో నిజంగా పనికొచ్చే తేడాకు వస్తాను. డిశ్చార్జి వేరు, అక్విటల్ వేరు. తెలుగు పేపర్లు రెండింటికీ చాలాసార్లు ఒకే మాట వాడేస్తాయి. డిశ్చార్జి అంటే విచారణ మొదలవక ముందే, పోలీసులు పెట్టిన కాగితాలు చూసి, ఈ మనిషి మీద అభియోగం మోపడానికి తగిన ఆధారమే లేదని జడ్జి వదిలేయడం. ఒక్క సాక్షిని కూడా పిలవరు. సెషన్స్ కేసుల్లో పాత కోడ్ 227వ సెక్షన్, ఇప్పటి 250. మేజిస్ట్రేటు ముందు నడిచే వారంటు కేసుల్లో పాత 239, ఇప్పటి 262. అక్విటల్ అంటే విచారణ జరిగి, సాక్షులు వచ్చి, క్రాస్ ఎగ్జామినేషన్ అయి, వాదనలు విని, నేరం రుజువు కాలేదని తీర్పు చెప్పడం.

వినడానికి డిశ్చార్జి గొప్పగా ఉంటుంది. అసలు విచారణకే నిలవని కేసు కదా అనిపిస్తుంది. చట్టం దృష్టిలో గట్టి రక్షణ మాత్రం అక్విటల్‌దే. అక్విటల్ అయినవాణ్ణి, ఆ తీర్పు అమల్లో ఉన్నంతకాలం, అదే నేరానికి మళ్లీ విచారించకూడదు. పాత కోడ్‌లో 300వ సెక్షన్, కొత్తదాంట్లో 337 ఆ మాటే చెప్తాయి. డిశ్చార్జిని అక్విటల్ కింద లెక్కవేయకూడదని అదే సెక్షన్ వివరణలో స్పష్టంగా ఉంది. కొత్త ఆధారాలు దొరికితే డిశ్చార్జి అయిన కేసు మళ్లీ తలెత్తవచ్చు. చిన్న సంగతి ఒకటి: చాలామంది దీనికి రాజ్యాంగం 20(2) అధికరణాన్ని ఉదాహరిస్తారు. ఆ అధికరణం విచారించి శిక్షించినవాణ్ణి మళ్లీ విచారించి శిక్షించకూడదని మాత్రమే అంటుంది. నిర్దోషిగా తేలినవాడికి ఆ రక్షణ ఇచ్చేది ప్రొసీజర్ చట్టమే.

అందుకే నేను డిశ్చార్జిని ‘అభియోగం మోపకుండానే విడుదల’ అని రాస్తాను, అక్విటల్‌ను ‘నిర్దోషిగా నిర్ణయించి విడుదల’ అని. కాస్త పొడుగే. కానీ ఇక్కడ పొదుపు చేస్తే తర్వాత ఎవరి ఉద్యోగమో చిక్కులో పడుతుంది.

బెనిఫిట్ ఆఫ్ డౌట్ దగ్గర ఇంకొంచెంసేపు ఆగాలి. దీన్ని తెలుగులో ‘సంశయ లాభం’ అంటారు. నేనూ మొదట్లో అలాగే రాసేవాణ్ణి. ఒకరోజు ఒక పెద్దాయన తన కొడుకు కేసు తీర్పు కాపీ పట్టుకుని వచ్చాడు. ఇంగ్లీషులో పద్నాలుగు పేజీలు. మడతల దగ్గర చిరిగిపోతుంటే వెనక టేపు అంటించాడు. నేను తెలుగు చేసి ఇచ్చిన కాగితం కూడా చేతిలో ఉంది. ‘ఇందులో మావాడు ఆ పని చేయలేదు అని ఎక్కడుందో వేలు పెట్టి చూపించు బాబూ’ అన్నాడు. నేను చివరి పేరా చూపించాను. ‘సంశయ లాభం కింద విడుదల చేయడమైనది’ అని ఉంది. ఆయన ఆ మాటను రెండుసార్లు చదువుకున్నాడు. ‘ఐదేళ్లు తిరిగాం. మాకొచ్చిన లాభం ఏముంది బాబూ ఇందులో?’ అన్నాడు. ఏం చెప్పాలో నాకు తోచలేదు.

తప్పు ఆయన చదవడంలో లేదు, నా తెలుగులో ఉంది. లాభం అనగానే మనకు తోచేది అవతలివాడు దయతలచి ఇచ్చింది, లేదా ఎలాగో చేజిక్కించుకున్నది. సంశయం అనగానే ‘అతని మీద సంశయం’ అని వినిపిస్తుంది. రెండూ కలిస్తే ‘అనుమానం ఉన్నా పోనీలే అని వదిలేశారు’ అని తయారవుతుంది. మీ బంధువు చదివింది కూడా సరిగ్గా ఇదే.

చట్టం చెప్పేది దీనికి పూర్తిగా వేరు. క్రిమినల్ కేసులో ప్రతి మనిషీ నిర్దోషిగానే బోనెక్కుతాడు. నేరం చేశాడని, సహేతుకమైన సందేహానికి తావు లేకుండా, రుజువు చేయాల్సిన బరువు ప్రాసిక్యూషన్ మీదే ఉంటుంది. ‘నేను చేయలేదు’ అని రుజువు చేసుకోమని మామూలుగా ఏ కోర్టూ నిందితుణ్ణి అడగదు. అడగనిదానికి సర్టిఫికెట్ కూడా ఇవ్వదు. ఆ పెద్దాయన వెతికిన వాక్యం తీర్పులో లేకపోవడానికి కారణం అదే. సంశయం ప్రాసిక్యూషన్ తెచ్చిన సాక్ష్యం మీద. మనిషి మొదట ఎలా వచ్చాడో, అంటే నిర్దోషిగా, అలాగే ఉండిపోయాడు. 2007లో చంద్రప్ప కేసులో సుప్రీంకోర్టు ఇంకో అడుగు ముందుకు వేసింది. కింది కోర్టు నిర్దోషిగా తేల్చాక ఆ మనిషికి రెట్టింపు బలం వస్తుంది అంది. చట్టం మొదటినుంచీ ఇచ్చే నిర్దోషిత్వం ఒకటి. తీర్పు దాన్ని మరింత గట్టిపరచడం రెండోది. బెనిఫిట్ ఆఫ్ డౌట్ కింద వచ్చినవాడికి అందులో సగమే దక్కుతుందని ఎక్కడా లేదు.

ఆ రోజు నుంచి నేను ‘సంశయ లాభం’ అని ఒంటిగా రాయడం మానేశాను. ‘నేరారోపణ సందేహానికి తావు లేకుండా రుజువు కానందున, నిర్దోషిగా నిర్ణయించి విడుదల చేయడమైనది’ అని రాస్తాను. కాగితంలో ఉన్న అర్థాన్ని పెంచనూ లేదు, తగ్గించనూ లేదు. చదివేవాడికి సందేహం దేనిమీదో తెలుస్తుంది.

తీర్పు చివర మీ ఇంట్లోవాళ్లను భయపెట్టే వాక్యం ఇంకొకటి ఉండి ఉంటుంది. బెయిలు బాండ్లు ఆరు నెలల పాటు అమల్లో ఉంటాయి అని. ‘అంటే ఇంకా ఆరు నెలలు నిందితుడేనా?’ అని నన్ను చాలామంది అడిగారు. కాదు. అవతలివాళ్లు అప్పీలుకు వెళ్లి, పై కోర్టు నోటీసు ఇస్తే హాజరవుతానన్న హామీ మాత్రమే అది. తీర్పు వచ్చిన క్షణం నుంచి అతన్ని నిందితుడు అనడం కూడా తప్పే.

ఇక్కడ ఒక ముచ్చట చెప్పకుండా ఉండలేను. మనం కోర్టుల్లో వాడే ‘ముద్దాయి’ ఉర్దూ నుంచి వచ్చింది. అక్కడ ముద్దయీ అంటే దావా వేసినవాడు, ఫిర్యాదు చేసినవాడు. తెలుగులోకి వచ్చేసరికి బోనుకు అటువైపు నుంచి ఇటువైపుకు వచ్చి, ఆరోపణ మోసేవాడయ్యాడు. ఒక మాట మీదకే ఇంత తేలిగ్గా నేరం వచ్చిపడిందంటే మనుషుల సంగతి చెప్పేదేముంది!

‘నిర్దోషి’ అన్న మాట దగ్గరికి వద్దాం. దీన్ని నేను ప్రేమిస్తాను, కానీ జాగ్రత్తగా వాడతాను. కోర్టు చెప్పేది ‘నేరం రుజువు కాలేదు’ అని. తెలుగు మాట చెప్పేది ‘దోషం లేనివాడు’ అని. దోషం మనకు చాలా పెద్ద మాట. జాతక దోషం, దృష్టి దోషం, అచ్చు దోషం అన్నీ అందులోకే వస్తాయి. అందువల్ల నిర్దోషి అనగానే మనిషి మొత్తంగా మచ్చలేనివాడన్న ధ్వని వస్తుంది. (ఇదే వేరు నుంచి వచ్చిన ‘నిర్దుష్టం’ అంటే దోషం లేనిది. దాన్ని ‘నిర్దిష్టం’తో కలిపేయకండి, నిర్దిష్టం అంటే ఫలానా అని నిర్ణయించింది.) ఆ నేరం వరకే మాట్లాడాలనుకుంటే ‘నిరపరాధి’ సరిగ్గా సరిపోతుంది. అపరాధం అంటే చేసిన తప్పు, కాబట్టి ఆ తప్పు చేయనివాడు అని. వాడుకలో దాన్ని ఎక్కువగా ‘నిరపరాధిని బలిచేశారు’ లాంటి చోట్లే చూస్తాం. అందుకే నిరపరాధి అనగానే జాలి, నిర్దోషి అనగానే తీర్పు గుర్తొస్తాయి.

‘అమాయకుడు’ ఇంకోరకం. మాయ తెలియనివాడు. ‘నా కొడుకు అమాయకుడండీ’ అని తల్లి అన్నప్పుడు అందులో రెండు మాటలు కలిసే ఉంటాయి: వాడు ఆ పని చేయలేదు, చేసే తెలివీ లేదు. ఇంగ్లీషు ఇన్నోసెంట్‌ను గుడ్డిగా అమాయకుడు అని తెలుగు చేసినవాళ్ల చేతుల్లో, నలభై ఏళ్ల అనుభవం ఉన్న అకౌంట్స్ ఆఫీసరు కూడా ఏమీ తెలియని పసివాడైపోతాడు. కోర్టు కాగితంలో ఆ మాట వద్దు.

మాట ఒకటే అయినా పక్కన వచ్చే క్రియను బట్టి సంగతి మారిపోతుంది. ‘నిర్దోషి అని తేలింది’ అంటే నిజం పైకి వచ్చిందని. ‘నిర్దోషిగా ప్రకటించారు’ అంటే కోర్టు అన్నది అన్నట్టు చెప్పడం. ‘నిర్దోషిగా బయటపడ్డాడు’ అంటే గండం గడిచిందన్న ఊపిరి వినిపిస్తుంది. నిర్దోషి అన్నది తీసేసి ‘కేసులోంచి బయటపడ్డాడు’ అంటే చేశాడో లేదో మనకెందుకులే అన్నట్టు ఉంటుంది. ‘తప్పించుకున్నాడు’ అంటే చేశాడనే. ‘వదిలేశారు’ అంటే దయో నిర్లక్ష్యమో. మీ చుట్టాల్లో ఎవరు ఏ క్రియ వాడుతున్నారో వినండి, వాళ్ల మనసులో ఏముందో తెలిసిపోతుంది.

‘క్లీన్ చిట్’ మీ బాబాయి ఆనందంకొద్దీ రాశారు గానీ ఇక్కడ అది అతకదు. క్లీన్ చిట్ చట్టంలో ఉన్న మాట కాదు. అందులో చిట్ మన హిందీ చిట్టీయే. విచారణ కమిటీయో, దర్యాప్తు సంస్థో ‘మాకేమీ దొరకలేదు’ అన్నప్పుడు పేపర్లవాళ్లు వాడే మాట. కోర్టు తీర్పు దానికంటే చాలా పై మెట్టు. పై మెట్టు మీద ఉన్నవాణ్ణి కింది మెట్టు పేరుతో పిలవడం దేనికి? అలాగని పోలీసులు కేసు మూసేసినా అన్నీ ఒకటే కాదు. తుది నివేదికలో ‘లాక్ ఆఫ్ ఎవిడెన్స్’ అని మూస్తే ఆధారాలు చాలలేదని. ‘మిస్టేక్ ఆఫ్ ఫాక్ట్’ అంటే ఫిర్యాది పొరబడ్డాడని. ‘ఫాల్స్’ అంటే ఫిర్యాదే అబద్ధమని. మూడింటికీ ‘కేసు క్లోజ్ అయింది’ అనే అంటాం. మూడోదాంట్లో ఉన్న బలం మొదటిదాంట్లో లేదు.

ఆఫీసు విచారణల్లోనూ ఇలాగే ఉంటుంది. ‘ఆరోపణలు రుజువు కాలేదు’, ‘తదుపరి చర్య విరమించడమైనది’, ‘హెచ్చరికతో విరమించడమైనది’ అనే మూడు వాక్యాల్లో మూడోది కనిపిస్తే సంబరపడకండి. హెచ్చరించారంటే ఎంతో కొంత తప్పు పట్టినట్టే. అక్కడ రుజువుకు కొలత కూడా వేరు. సందేహానికి తావు లేకుండా అక్కర్లేదు, జరిగే ఉంటుందన్న వైపు మొగ్గు ఉంటే చాలు. కోర్టులో నిర్దోషి అయినా శాఖాపరమైన విచారణ దానంతటదే ఆగిపోకపోవడానికి కారణం ఇదే.

దీనికి సంబంధించిందే ‘హానరబుల్ అక్విటల్’, గౌరవప్రదంగా నిర్దోషిత్వం. పోలీసు ఉద్యోగాల్లో, యూనిఫాం సర్వీసుల్లో ఇది పెద్ద పట్టింపు. కానీ ఈ మాట ప్రొసీజర్ కోడ్‌లో గానీ శిక్షాస్మృతిలో గానీ లేదు. కోర్టులు తమ తీర్పుల్లో తయారుచేసుకున్నది. సుప్రీంకోర్టే 2012లో ఆ సంగతి ఒప్పుకుంటూ, దీనికి కచ్చితమైన నిర్వచనం ఇవ్వడం కష్టమని అంది. ప్రాసిక్యూషన్ సాక్ష్యాన్ని పూర్తిగా పరిశీలించాక, అభియోగాలు రుజువు చేయడంలో అది ఘోరంగా విఫలమైందని తేలితే గౌరవప్రదం అనుకోవచ్చని చెప్పింది. సాక్షులు అడ్డం తిరిగినందువల్ల వచ్చిన తీర్పును ఆ కోవలో వేయరు. నాకు ఈ విభజన అంటే బాధే. సాక్షి అడ్డం తిరిగితే అది నిందితుడి తప్పు ఎలా అవుతుంది? అతని గౌరవం ఇంకొకరి నాలుక మీద ఆధారపడిపోతోంది. అయినా ఉద్యోగమిచ్చేవాళ్లు ఇది చూస్తారు, కాబట్టి మీకు తెలియాలి.

క్షమాభిక్ష మీ విషయానికి సంబంధం లేదు, కానీ చాలామంది దాన్నీ ఇందులో కలిపేస్తారు కాబట్టి రెండు ముక్కలు. రాష్ట్రపతి 72వ అధికరణం కింద, గవర్నరు 161 కింద ఇచ్చేది. భిక్ష అన్న మాటే చెప్తోంది, తీసుకునేవాడు దోషిగా నిలబడి తీసుకుంటున్నాడని. శిక్ష పోతుంది, తీర్పు అలాగే ఉంటుంది. ఫ్రాన్సులో ఆల్ఫ్రెడ్ డ్రేఫస్ అనే సైనికాధికారి కథ దీనికి బాగా సరిపోతుంది. చేయని గూఢచర్యానికి 1894లో శిక్ష పడింది. 1899లో మళ్లీ విచారించి మళ్లీ దోషి అన్నారు. వెంటనే దేశాధ్యక్షుడు క్షమాభిక్ష ఇచ్చాడు. డ్రేఫస్ బయటికి వచ్చాడు, కానీ నా గౌరవం నాకు తిరిగి వచ్చేదాకా పోరాడతానన్నాడు. 1906లో అత్యున్నత న్యాయస్థానం ఆ శిక్షను రద్దు చేసింది. జైలు తలుపు తెరుచుకోవడానికీ నింద పోవడానికీ మధ్య ఏడేళ్లు పట్టింది.

నింద గురించి మన భాష కోర్టులకంటే ముందే చాలా ఆలోచించింది. ఆరోపణ అంటే అసలు అర్థం ఎక్కించడం. నింద మోపారు, నెత్తిన రుద్దారు, నింద మోశాడు అంటాం. అంటే అదొక బరువు. ఇంకోవైపు మచ్చ పడింది, మచ్చ చెరిగింది అంటాం. అంటే అదొక మరక. బరువు దించితే దిగిపోతుంది. మరక కడగాలి, కడిగినా కొందరి కళ్లకు కనిపిస్తూనే ఉంటుంది. కోర్టు దించేది బరువును. మరక సంగతి చూసుకోవాల్సింది చుట్టూ ఉన్నవాళ్లు. ‘పులు కడిగిన ముత్యం’ అన్న మాట ఎంత అందంగా ఉందో చూడండి. మురికి పైన పట్టిందే, ముత్యానిది కాదు. కడిగితే కొత్తగా తెల్లబడలేదు, ఉన్న తెలుపే బయటపడింది. ‘పాపం కడుక్కున్నాడు’ అన్నదాంతో దీన్ని కలపకూడదు. పాపం కడుక్కునేవాడు చేసినవాడు.

నీలాపనింద అన్న మాటకు ఆధారమైన శమంతకమణి కథ మీకు తెలిసిందే. ప్రసేనుణ్ణి చంపి మణి కాజేశాడని కృష్ణుడి మీద పడ్డ నింద. ఆయన ‘నేను చేయలేదు’ అని ఇంట్లో కూర్చోలేదు. అడవిలో ప్రసేనుణ్ణి చంపింది సింహమని, ఆ సింహాన్ని చంపి మణి తీసుకుంది జాంబవంతుడని జాడ తీశాడు. మణి తెచ్చాక కూడా సత్రాజిత్తు ఇంటికి వెళ్లి గుట్టుగా ఇచ్చేయలేదు. రాజు ఎదుట, సభలోకి అతన్ని పిలిపించి, జరిగిందంతా చెప్పి మరీ ఇచ్చాడు. నింద పదిమందిలో పాకింది, కాబట్టి పదిమందిలోనే పోవాలి. అసలు చేసిందెవరో తేలడం, పోయిన వస్తువు దొరకడం, నింద వేసినవాడు తలదించుకోవడం, మూడూ జరిగితే దాన్ని ‘నింద బాపుకోవడం’ అంటాం. ఏ కోర్టు తీర్పూ ఈ మూడూ ఒకేసారి ఇవ్వదు. నిర్దోషి అని తీర్పు వచ్చినా మీ అన్నయ్యకు ఇంకా ఏదో వెలితిగా ఉందంటే, అది ఆయన మనసు బలహీనత కాదు. కోర్టు ఇవ్వగలిగింది ఒకటి, మనిషికి కావాల్సింది ఇంకొకటి.

స్కాట్లండ్‌లో చాలాకాలం దోషి, నిర్దోషి అని కాక ‘రుజువు కాలేదు’ అనే మూడో తీర్పు కూడా ఉండేది. దాని ఫలితం నిర్దోషి తీర్పుతో సమానమే, కానీ జనం దృష్టిలో మనిషి మధ్యలో వేలాడుతుండేవాడు. 2025లో అక్కడి పార్లమెంటు దాన్ని తీసేస్తూ చట్టం చేసింది. మన చట్టంలో ఆ మూడో గడి ఎప్పుడూ లేదు. మీ బంధువు మీ అన్నయ్యను కూర్చోబెట్టాలని చూస్తున్నది ఆ లేని గడిలోనే.

ఇక దరఖాస్తు. ముందు ప్రశ్నలో క్రియ ఏమిటో చూడండి. ‘మీకు శిక్ష పడిందా?’ అని అడిగితే జవాబు ‘లేదు’. ‘ఎప్పుడైనా అరెస్టయ్యారా, మీ మీద క్రిమినల్ కేసు నమోదైందా?’ అని అడిగితే జవాబు ‘అవును’, నిర్దోషి అయినా సరే. నిర్దోషి కదా అని ‘లేదు’ రాసి ఉద్యోగాలు పోగొట్టుకున్నవాళ్లున్నారు. 2016లో అవతార్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు ఈ విషయం తేల్చింది. అడిగినప్పుడు ఉన్నది ఉన్నట్టు చెప్పాలి. చెప్పాక కూడా యజమాని ఆ కేసు స్వభావం, తీర్పు తీరు చూసి నిర్ణయం తీసుకోవచ్చు. దాచడం వల్ల వచ్చే నష్టం కేసు వల్ల వచ్చేదానికంటే ఎక్కువ.

రాయాల్సిన వాక్యం ఇలా ఉండొచ్చు: ‘నాపై ఫలానా పోలీస్ స్టేషన్‌లో ఫలానా నంబరుతో కేసు నమోదైంది. ఫలానా కోర్టు పూర్తి విచారణ జరిపి, నేరారోపణ రుజువు కానందున నన్ను నిర్దోషిగా నిర్ణయించి ఫలానా తేదీన విడుదల చేసింది. తీర్పు ధ్రువీకృత నకలు జతపరిచాను.’ అప్పీలు గడువు ముగిసి, అవతలివాళ్లు వెళ్లలేదని రూఢి చేసుకున్నాక ‘ఈ తీర్పుపై అప్పీలు లేదు’ అని ఇంకో వాక్యం కలపండి. వెళ్లి ఉంటే అదీ రాయాలి. ‘బెనిఫిట్ ఆఫ్ డౌట్’ అన్న మాటను మీ అంతట మీరు రాయక్కర్లేదు, నకలులో ఉంది, దాచినట్టు కాదు. బంధువులకు ఇంత పొడుగు వద్దు. బాబాయిగారి మెసేజ్ తీయించేసి ‘విచారణ జరిగింది, కోర్టు నిర్దోషి అంది’ అని పెట్టించండి.